సుట్టి రోజు నిమ్మళం



పండుగల నెలల్లో ఈ పేజీ నిండుగా ఉంటది. నూలి పున్నమికి మార్కండేయ స్వామి రథం, సంక్రాంతికి సిద్ధేశ్వరుడి గడ్డా జాతర, ఎండకాలం వస్తే పెళ్లిళ్లు. ఈ నెల అవేవీ లేవు. అందుకే ఏమీ లేని రోజు గురించే రాద్దామనిపించింది. ఎవరూ రాని రోజు, మనం ఎక్కడికీ పోని రోజు. మరాఠీ వాళ్ల మాట మన నోట్లో కలిసిపోయి సోలాపూరోళ్లం దాన్ని సుట్టి అంటం. మన పెద్దలు తెలంగాణ పల్లెల నుంచి మూట కట్టుకుని తెచ్చిన మాట ఇంకొకటుంది, నిమ్మళం. పొద్దంతా ఒళ్లు వంచిన మనిషి చెయ్యి కాలు కడుక్కుని గడప మీద కూసుంటే, "ఇప్పుడు నిమ్మళమైంది" అనేవాళ్లు. పని లేనోడికి నిమ్మళం ఉండదు, వాడికి ఉండేది రంధి. పని చేసినోడికి దొరికేదే నిమ్మళం.

మగ్గాల ఖాతాలో చేసినోళ్లకు నేను వేరే చెప్పే పని లేదు. చెయ్యనోళ్ల కోసం, ఈ కాలం పిల్లల కోసం చెప్తున్న. ఒక్క షెడ్డులో వందల సాంచాలు. ఒక్కొక్క సాంచా మీద ధోటా నిమిషానికి నూరు సార్లకు పైనే ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు కొట్టుకుంటది. పక్కన నిలబడ్డోడి చెవిలో నోరు పెట్టి అరిచినా సగమే వినపడుతది. అందుకే మనకు సైగల భాష పుట్టింది. బీము అయిపోవచ్చిందంటే ఒక సైగ. జాబర్ వస్తున్నడంటే ఒకటి. చాయ్‌కి ఒకటి. మిగతాది పెదవులు చూసి పట్టుకునేది. ఎనిమిది గంటలు అట్ల నిలబడి ఇంటికొస్తే చెవుల్లో సాంచాలు ఇంకా నడుస్తనే ఉండేవి. అందుకే నేతగాళ్ల ఇండ్లలో మాట పెద్దగుంటది. కొత్తగా వచ్చిన కోడలు వారం రోజులు మామ తిడుతున్నడనుకుంటది. తిట్టుడు కాదు తల్లీ, మంచినీళ్లు అడుగుతున్నడు.

చప్పుడుతో పోయిన వినికిడి మళ్లీ రాదని డాక్టర్లు చెప్తరు. అందులోనూ ముందు పోయేది సన్నటి చప్పుళ్లు. పసిపిల్లల మాట, పిట్ట కూత, ఫోను గంట. పెద్ద చప్పుళ్లు చివరిదాకా వినపడుతయి, మనకు కావాల్సినవే వినపడవు. నాకు మిగిలిన చెవితో సుట్టి రోజు పొద్దుగాల వినపడేవి లెక్కపెట్టుకుంట. పక్కింట్లో జొన్నరొట్టె తట్టే చప్పుడు, తప్ తప్ అని. వాకిట్లో చీపురు. పేపరు పిల్లగాడు సైకిలు స్టాండు వేసిన చప్పుడు. చాయ్ పొంగుతుంటే గిన్నె మీద మూత కదిలిన చప్పుడు. ఇవి వినడానికి పైసా ఖర్చు లేదు. కానీ వీటిని వినాల్నంటే మిగతా చప్పుడు ఆగాలె. ఆ ఆగుడే సుట్టి.

ఈ ఆగుడు మనకు ఊరికే రాలేదు. ఇది ప్రతి మిల్లు కుటుంబం తెలుసుకోవాల్సిన సంగతి.

పూర్వం బొంబాయి మిల్లుల్లో పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకేదాకా పని. దీపాల వెలుతురు రాక ముందు పొద్దే గడియారం. వారానికొక సుట్టి అని రాసి ఇచ్చినోడు లేడు. యంత్రాలు తుడవడానికని కొన్ని చోట్ల ఆదివారం కూడా పిలిచేవాళ్లు. అప్పుడు నారాయణ మేఘాజీ లోఖండే అనే ఆయన లేచిండు. జోతిరావు ఫూలే గారి సత్యశోధక సమాజం మనిషి, 'దీనబంధు' పత్రిక నడిపినాయన. 1884లో బొంబాయి మిల్లు కార్మికుల సంఘం పెట్టి, సభలు జరిపి, అయిదు వేల అయిదు వందల మంది సంతకాలతో అర్జీ తయారు చేశారు. ఆ అర్జీలో అడిగినవి చూడండి. ఆదివారం పూర్తి సెలవు. మధ్యాహ్నం అరగంట విశ్రాంతి. పొద్దుగాల ఆరున్నర నుంచి పొద్దు గూకేదాకే పని. పగారు వచ్చే నెల 15వ తారీకులోపు. దెబ్బ తగిలినోడికి కోలుకునేదాకా జీతం. అంత పని చేసేవాళ్లు అన్నిటికన్నా ముందు అడిగింది డబ్బు కాదు, ఒక రోజు.

ఆ అర్జీ ఆరేండ్లు తిరిగింది. 1890 ఏప్రిల్ 24న మహాలక్ష్మి రేసుకోర్సు మైదానంలో పది వేల మంది కార్మికులు కూడిన్రు. ఆ సభలో ఇద్దరు ఆడ కార్మికులు లేచి మాట్లాడిన్రు. ఆ కాలంలో, అంత మంది మగవాళ్ల ముందర. ఆ ఏడు జూన్ 10న మిల్లు యజమానుల సంఘం వారానికొక సెలవు ఒప్పుకుంది. మరుసటి ఏడు 1891 చట్టంలో కూడా వారం సెలవు వచ్చింది. పని గంటలు ఆ తర్వాత మెల్లగా దిగినయి. 1922లో రోజుకు 11 గంటలు, 1934లో 10, 1946లో 9. 1948 ఫ్యాక్టరీల చట్టం 52వ సెక్షన్‌లో వారం సెలవును మళ్లీ గట్టిగా రాసిన్రు. ఆదివారం పని చేయించుకుంటే బదులు ఇంకో రోజు ఇయ్యాలని కూడా అందులోనే ఉండె.

లోఖండే గారు 1897లో, బొంబాయి ప్లేగు రోజుల్లో, రోగులకు సాయం చేస్తూ ప్లేగుతోనే పోయిండు. 2005లో తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. మనకు ఇంకో దగ్గరితనం కూడా ఉంది. ఆయన నడిచిన సత్యశోధక ఉద్యమానికి బొంబాయిలో మన తెలుగు కాంట్రాక్టర్లే పెద్ద అండ. రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు లాంటి పేర్లు ఫూలే గారి చరిత్రలో వస్తయి. రాళ్లు మోయించి, బిల్డింగులు కట్టించి సంపాదించినోళ్లు ఆ పనికి చెయ్యి అందించిన్రు. అందుకే ఆదివారం రెండో చాయ్ తాగేటప్పుడు నేను ఆ పెద్దమనుషులను తలుచుకుంట.

ఇక మన సుట్టి సంగతి. మిల్లు నడిచే రోజుల్లో మన ఒంట్లో గడియారం భోంగా. మొదటి భోంగాకు లేచేది, రెండో భోంగాకు డబ్బా పట్టుకుని రోడ్డెక్కేది, మూడో భోంగాకు గేటు పడేది. పాళీ మారితే ఇంట్లో అన్నీ మారేవి. రాత్రి పాళీ చేసి వచ్చినోడు పగలు పండుకుంటే, ఒక్క అర్ర ఇంట్లో పిల్లలు గుసగుసలాడేవాళ్లు. అన్నది ఒక పాళీ, తమ్ముడిది ఒక పాళీ అయితే ఒకే పరుపు మీద ఒకరు లేస్తే ఒకరు పండుకునేది. ఒకే ఇంట్లో ఉన్న అన్నదమ్ములు వారం రోజులు ఒకరి ముఖం ఒకరు చూసుకోని ఇండ్లు మనకు తెలుసు. అందరూ ఒకే పళ్లెం చుట్టూ కూసునేది ఆదివారమే. ఆ రోజు భోంగా మోగదు. మోగకపోయినా అదే టైముకు మెలకువ వచ్చేది, వచ్చి, "ఇవ్వాళ లేదు కదా" అని గుర్తు చేసుకుని మళ్లీ చద్దర్ కప్పుకునేది. ఆ అయిదు నిమిషాల నిద్ర ఎంత తియ్యగుంటదో రాజులకు కూడా తెల్వదు. వాళ్లకు భోంగా లేదు కదా.

పని మానినంక ఇప్పుడు వారమంతా ఆదివారమే అని కొందరు అంటరు. అది తప్పు. వారమంతా ఆదివారమైతే ఏ రోజూ ఆదివారం కాదు. అందుకే పని మానిన పెద్దలకు నేను చెప్పేది ఒకటే. ఆరు రోజులు ఏదో ఒక పని పెట్టుకోండి. రేషను దుకాణం, మనుమడి బడి, సంఘం ఆఫీసు, ఏదైనా సరే. అప్పుడే ఏడో రోజుకు రుచి వస్తది. ఉప్పు లేని పప్పులో ఎంత నెయ్యి పోసినా ఏం లాభం?

ఆ ఏడో రోజు సంతోషాలు చిన్నవి. చెప్తే నవ్వుతరేమో గానీ చెప్తా.

మొదటిది చాయ్. మిల్లులో చాయ్ సాంచా పక్కన నిలబడి ఒక్క గుటకలో మింగేది. ఒక కన్ను గ్లాసు మీద, ఒక కన్ను పోగు మీద. ఇంట్లో సాసర్‌లో పోసుకుని, ఊదుకుంటా, ఎదురింటి వేపచెట్టు చూసుకుంటా తాగొచ్చు.

రెండోది తవ్వ మీది నుంచి నేరుగా పళ్లెంలోకి దిగిన జొన్నరొట్టె. డబ్బాలో కట్టుకుపోయిన రొట్టె తిన్నోడికే దీని విలువ తెలుస్తది. రొట్టె తుంచితే ఆవిరి రావాలె. పక్కన సోలాపూర్ పల్లీల కారం, దాని మీద కొంచెం నూనె, పగలగొట్టిన ఉల్లిగడ్డ. మబ్బు పట్టిన రోజైతే సర్వపిండి. గిన్నె అంచుకు అంటుకున్న మాడు ముక్క కోసం మా ఇంట్లో పెద్దలు చిన్నలు అనే తేడా ఉండదు.

మూడోది పేపరు. నాలుగో తరగతి చదువు నాది, వేలు పెట్టి చదువుత. మిగతా రోజుల్లో హెడ్డింగులే. సుట్టి రోజు మాత్రం మొదటి పేజీ నుంచి పెళ్లి సంబంధాల దాకా చదువుత. ఎవరి పెళ్లి చెయ్యాలనో కాదు, ఎవరెవరు ఏం అడుగుతున్నరో చూడాలని.

నాలుగోది మధ్యాహ్నం నిద్ర. పాత సోలాపూర్ చద్దర్ ఉతికి ఉతికి మెత్తబడి ఉంటది. దాన్ని మడత పెట్టి కింద పరుచుకుంటే వేలు దానంతట అదే నేత మీద తిరుగుతది. ఎక్కడ పోగు తెగిందో, ఎక్కడ ముడి వేసిన్రో వేలికే తెలుస్తది. ఏ సాంచా మీద ఏ నేతగాడు నేసిండో, ఆ పూట ఆయన ఇంట్లో ఏం తిప్పలుండెనో అనుకుంటా కన్ను మూత పడుతది.

అయిదోది సాయంత్రం గడప మీద కూసునుడు. దారిన పోయేటోళ్లు, "ఏం కాకా, తిన్నవా?" అంటరు. "తిన్న బిడ్డా, నువ్వు తిన్నవా?" అంట. అంతే మాట. అందులో పనేం లేదు, లాభం లేదు. అయినా ఆ మాట లేని రోజు ఏదో బాకీ ఉన్నట్టుంటది.

ఇక మన సోలాపూర్‌లో ఒక చిక్కుంది. నల్లా నీళ్లు రోజూ రావు. ఆ వచ్చేది ఆదివారం పొద్దుగాలే అయితే సుట్టి, నిమ్మళం, పేపరు అన్నీ బిందెల వెనుక దాక్కోవాల్సిందే. నల్లాకు వారం సెలవు చట్టం వర్తించదు.

నవ్వులాట అయింది. ఇప్పుడు నేను అసలు రాద్దామనుకున్న మాట.

పైన చెప్పిన అయిదు సంతోషాల్లో చాయ్ ఎవరు పెట్టిన్రు? రొట్టె ఎవరు తట్టిన్రు? చద్దర్ ఎవరు ఉతికిన్రు? మన ఇండ్లలో మగవాళ్లకు మిల్లు అయితే ఆడవాళ్లకు బీడీ. ఒళ్లో చాట, పక్కన తడిగుడ్డలో తునికాకు, చేతిలో కత్తెర. ఆకు కత్తిరించాలె, తంబాకు పెట్టాలె, చుట్టాలె, దారం కట్టాలె, మూతి ముడవాలె. వెయ్యి బీడీలకు ఇంతని లెక్క. వంట చేస్తా చుట్టాలె, పిల్లకు పాలిస్తా చుట్టాలె, వచ్చిన చుట్టంతో మాట్లాడుతా చుట్టాలె. చీకటి పడితే వీధి దీపం కింద గుంపుగా కూసుని చుట్టాలె. చాట వాళ్లకు సాంచా. ఆ సాంచాకు మాత్రం స్విచ్చి లేదు.

బీడీ కార్మికుల కోసం 1966లో చట్టం వచ్చింది. కార్ఖానా వారానికొక రోజు మూసి ఉండాలని అందులో ఉండె. కార్ఖానాకు తలుపుంది, తాళముంది, మూస్తరు. ఇంట్లో కూసుని చుట్టే మనిషికి ఎవరు తాళం వేస్తరు? ఇల్లే కార్ఖానా అయినచోట సుట్టి ఎట్ల వస్తది? దానికి తోడు మగవాళ్ల ఆదివారం ఆడవాళ్లకు రెట్టింపు పని. ఆ రోజు అందరూ ఇంట్లో ఉంటరు, అందరికీ తలస్నానాలు, అందరి బట్టలు, కూర ఒకటి ఎక్కువ, చుట్టాలు ఇద్దరు ఎక్కువ. ఒకరి నిమ్మళం ఇంకొకరి చెమటతో వస్తే అది సగం నిమ్మళమే.

మహాలక్ష్మి మైదానంలో లేచి మాట్లాడిన ఆ ఇద్దరు ఆడవాళ్లు మిల్లు గేటు మూయించిన్రు. ఇంట్లో పొయ్యి మూయించే పని మన మీద పడ్డది.

కొన్నేండ్ల నుంచి మా ఇంట్లో ఒక కట్టుబాటుంది. ఆదివారం పొద్దుగాల తొమ్మిది దాటితే సాయంత్రం దాకా పొయ్యి చల్లగుండాలె, చాట గోడకు ఆనించాలె. మరి తిండెట్ల? మన కడక్ రొట్టె ఉన్నది దేనికి? పలుచగా చేసి, కరకరలాడేటట్టు ఎండబెట్టిన జొన్నరొట్టె రోజుల తరబడి నిలువుంటది. శుక్రవారమో శనివారమో చేసి డబ్బాలో పెట్టుకోవచ్చు, లేకుంటే కొనుక్కోవచ్చు. కడక్ రొట్టె, పల్లీల కారం, పెరుగు, ఉల్లిగడ్డ. పచ్చిపులుసుకు పొయ్యితో పనే లేదు. చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, మిరపకాయ వేసి కలిపితే చాలు, అది మగవాళ్లు కూడా కలపొచ్చు. పళ్లేలు ఎవరివి వాళ్లు కడుక్కోవాలె. మనుమడు మొదట గునిసిండు. ఇప్పుడు గిన్నెలు తోముడులో వాడే ముకద్దమ్, నేను బదిలీ వర్కర్‌ను.

ఆ మధ్యాహ్నం మా ఆవిడ ఏం చేస్తదంటే, ఏమీ చెయ్యదు. మొదట్లో ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలనో తెల్వక ఒళ్లో వేళ్లు కదిలేవి, బీడీ చుట్టినట్టే. చూసినోళ్లకు నవ్వొచ్చేది, కాసేపటికి నవ్వు ఆగిపోయేది. ఇప్పుడు ఆ వేళ్లు నిమ్మళమైనయి. పక్కింటి వదినె వస్తది, ఇద్దరూ గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని ఎవరి పుట్టింటి ముచ్చట వాళ్లు చెప్పుకుంటరు. నాకు అన్ని మాటలు వినపడవు. నవ్వు మాత్రం వినపడుతది. పొద్దుగాల లెక్కపెట్టుకునే చప్పుళ్లలో ఇది లేదు, ఇది మధ్యాహ్నం చప్పుడు.

"మీకేం కాకా, పిల్లలు సంపాదిస్తున్నరు. మేము ఒక పూట మానితే ఆ పూట బీడీల పైసలు పోతయి, పీసు పైసలు పోతయి" అని మీరు అనొచ్చు. నిజమే. పీసు లెక్క మీద బతికేటోళ్లకు సుట్టి అంటే పగారు కోత. పవర్‌లూమ్ మీద మీటరు లెక్కన చేసేటోళ్లదీ అదే కథ. చెయ్యి ఆడితేనే బువ్వ. అట్లాంటోళ్లను రోజంతా మానమని చెప్పే మనిషిని కాదు నేను. పూర్తి రోజు కుదరకుంటే ఒక పూట. పూట కుదరకుంటే మధ్యాహ్నం రెండు గంటలు. కానీ ఆ రెండు గంటలకు పేరు పెట్టండి, టైము పెట్టండి, ఇంట్లో అందరికీ చెప్పండి. పేరు లేని విశ్రాంతిని ఎవరో ఒకరు పనికి పిలిచి తినేస్తరు. లోఖండే గారి అర్జీలో కూడా "కొంచెం తీరిక ఇయ్యండి" అని లేదు. ఆదివారం అని ఉంది, అరగంట అని ఉంది.

పడుచు పిల్లలకు కూడా ఒక మాట. మీ మిల్లు ఇప్పుడు మీ జేబులో ఉంది. అది భోంగా లెక్క రోజంతా మోగుతనే ఉంటది. ఒక పూట దాన్ని ఇంకో అర్రలో పెట్టి తలుపు వెయ్యండి. ఇంట్లో టీవీ చప్పుడు తగ్గించండి. చెవుల్లో పెట్టుకునే వైర్ల సంగతి డాక్టర్లను అడగండి. మేము చెవులు పోగొట్టుకున్నది కడుపు కోసం. మీకు ఆ అవసరం లేదు.

ఇంకొకటి, అన్నదమ్ములకు. సుట్టి పైసలు గుత్త దుకాణంలో పోసి సోమవారం తల పట్టుకునుడు విశ్రాంతి కాదు. ఇంటోళ్లకు ఆ రాత్రి అసలు నిద్ర ఉండదు. ఇంతకన్నా ఎక్కువ చెప్పను, తెలిసినోళ్లకు తెలుసు.

మీ ఇంట్లో సుట్టి ఎట్ల గడుస్తదో రాసి పంపండి. పెద్ద రాత అక్కర లేదు, పోస్టుకార్డంత చాలు. భివండీ నుంచి, బొంబాయి నుంచి, ఇచల్‌కరంజీ నుంచి ఎవరు రాసినా వచ్చే నెల ఈ పేజీలో కలుపుత. అక్కచెల్లెండ్లు రాస్తే ఇంకా సంతోషం. కాకుంటే ఒక షరతు. పొయ్యి ఆర్పి, చాట గోడకు ఆనించినంకనే రాయాలె.